కనిపించని ఏసీ కొనేముందు చూడాల్సింది సీలింగ్ లోపలి సంగతి

క్లుప్తంగా: ఫాల్స్ సీలింగ్ పైన దాగి, గాలిని గొట్టం (డక్ట్) ద్వారా గదిలోకి పంపే చిన్న డక్ట్ ఏసీ చూడ్డానికి బాగుంటుంది, సరిగ్గా బిగిస్తే బాగానే చల్లబరుస్తుంది. అయితే గాలి ఎటు పోవాలి, ఎటు నుంచి తిరిగి రావాలి, నీళ్లు ఎటు దిగాలి అన్నవి గోడ స్ప్లిట్‌లో ఫ్యాక్టరీలోనే తేలిపోతాయి. డక్ట్ ఏసీలో అవన్నీ ఇంటి దగ్గర తేలాలి. అందుకే బ్రాండు, టన్నుల కన్నా ముందు సీలింగ్ ప్లాన్ చూడాలి. వరంగల్, ఉత్తర తెలంగాణ ఎండలకు, వానలకు, కరెంటు స్లాబులకు ఈ లెక్క ఎలా మారుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

హన్మకొండ, కాజీపేట, హంటర్ రోడ్డు వైపు కొత్త ఫ్లాట్లు, డూప్లెక్స్‌లు చూస్తే ఒక మార్పు కనిపిస్తుంది. హాల్లో, పెద్ద పడకగదిలో గోడ మీద తెల్ల డబ్బా ఉండదు. సీలింగ్ అంచున సన్నటి గ్రిల్ ఒకటి, అందులోంచి చల్లగాలి. ఇంటీరియర్ వాళ్లు చూపించే త్రీడీ బొమ్మల్లో ఇప్పుడు ఇదే మామూలు అయిపోయింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో, వచ్చే ఎండాకాలానికి ముందే తేల్చేద్దామనుకునే వాళ్లూ పెరిగారు. షాపులో మాత్రం సంగతి చిక్కుపడుతుంది. ఒకరు కాసెట్ అంటారు, ఒకరు సెంట్రల్ ఏసీ అంటారు, ఇంకొకరు వీఆర్ఎఫ్ పెట్టుకోమంటారు. ధరల్లో తేడా వేలల్లో కాదు, లక్షల్లోకి వెళ్తుంది.

అసలు ఇది ఏమిటి

ఈ చిన్న డక్ట్ ఏసీనే డక్ట్ మినీ స్ప్లిట్ అంటారు. దీని పనితీరు మామూలు స్ప్లిట్‌ది లాంటిదే. బయట కంప్రెసర్ ఉన్న అవుట్‌డోర్ యూనిట్, లోపల చల్లటి కాయిల్, ఫ్యాన్, రెండింటినీ కలిపే రాగి పైపులు. తేడా లోపలి యూనిట్‌లోనే ఉంది. అది గోడకు కాకుండా సీలింగ్ పైన పడుకుని ఉంటుంది. సన్న రకాల మందం 20 నుంచి 25 సెంటీమీటర్లు. ఒక వైపు నుంచి గది గాలిని లాగి, మరో వైపు నుంచి డక్ట్‌లోకి నెడుతుంది. గదిలో కనిపించేవి రెండు గ్రిల్‌లు మాత్రమే.

కాసెట్ కూడా సీలింగ్‌లోనే ఉంటుంది కానీ దాని ముఖం గదిలోకి తెరుచుకుని కనిపిస్తుంది, డక్ట్ అవసరం ఉండదు. వీఆర్ఎఫ్ అంటే ఒకే పెద్ద అవుట్‌డోర్ యూనిట్‌కు చాలా గదుల యూనిట్లను తగిలించి, ఏ గదికి ఎంత కావాలో అంత గ్యాస్ పంపే పద్ధతి. సెంట్రల్ ఏసీ అన్న మాటను ఇళ్ల విషయంలో ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుతున్నారు కాబట్టి, కొటేషన్‌లో ఆ మాట కనిపిస్తే ఎన్ని అవుట్‌డోర్‌లు, ఎన్ని ఇండోర్‌లు, గది చల్లదనాన్ని చూసి ఏసీని నడిపే థర్మోస్టాట్‌లు ఎన్ని అని అడిగి రాయించుకోవడం మేలు.

గాలి దారి: అసలు తేడా అంతా ఇక్కడే

గోడ స్ప్లిట్‌లో ఫ్యాన్ గాలిని నేరుగా గదిలోకి ఊదుతుంది, మధ్యలో అడ్డం ఏమీ లేదు. డక్ట్ ఏసీలో అదే గాలి ఫిల్టర్, రిటర్న్ గ్రిల్ (గది గాలి తిరిగి యూనిట్‌లోకి పోయే గ్రిల్), డక్ట్, మలుపులు, చివరి గ్రిల్ దాటుకుని రావాలి. ప్రతి మలుపూ ఎదురు తోస్తుంది. ఈ ఎదురును తట్టుకుని గాలిని నెట్టగల బలాన్ని స్టాటిక్ ప్రెషర్ అంటారు, పాస్కల్‌లలో చెబుతారు. సన్న డక్ట్ యూనిట్లలో ఇది చాలావరకు 10 నుంచి 50 పాస్కల్‌ల మధ్య ఉంటుంది. అంతకన్నా పెద్ద, మధ్యస్థాయి యూనిట్లు 100 నుంచి 150 దాకా తోయగలవు.

30 పాస్కల్‌ల యూనిట్ ఒకటి ఉందనుకుందాం. కాస్త దుమ్ము పట్టిన ఫిల్టర్‌కు ఎనిమిది పదీ పోతాయి. రిటర్న్ గ్రిల్‌కు ఐదారు. నాలుగు మీటర్ల డక్ట్‌కు నాలుగు, రెండు మలుపులకు ఐదు, చివరి గ్రిల్‌కు ఏడెనిమిది. అప్పటికే లెక్క అంచుకు వచ్చింది. ఇక మూడో మలుపు తిప్పినా, ఫ్లెక్సిబుల్ డక్ట్‌ను ముడతలు పడేలా వంచి తోసినా, ఎలర్జీ ఉందని మందపాటి ఫిల్టర్ పెట్టినా గాలి తగ్గిపోతుంది. గాలి తగ్గితే కాయిల్ మరీ చల్లబడి మంచు పడుతుంది, గది మాత్రం చల్లబడదు. మెకానిక్ వచ్చి గ్యాస్ తక్కువైందంటాడు. గ్యాస్ నింపినా ఫలితం ఉండదు, ఎందుకంటే లోపం గ్యాస్‌లో లేదు.

కొన్ని మోడళ్లలో ఈ ప్రెషర్‌ను రిమోట్‌తోనో లోపలి సెట్టింగ్‌తోనో మార్చుకోవచ్చు. ఫ్యాక్టరీ నుంచి తక్కువ స్థాయిలో వచ్చేదాన్ని డక్ట్ పొడవును బట్టి పెంచాలి. బిగించేవాళ్లు ఈ ఒక్క పని మరిచిపోయినా ఖరీదైన యూనిట్ నీరసంగా ఊదుతుంది.

ఇక గ్రిల్ సైజు. టన్నుకు నిమిషానికి 350 నుంచి 400 ఘనపుటడుగుల గాలి కదలాలన్నది మామూలు లెక్క. ఒకటిన్నర టన్నుకు ఇది దాదాపు 600. ఈ గాలి చప్పుడు లేకుండా లోపలికి పోవాలంటే నిమిషానికి 300 అడుగుల వేగం దాటకూడదు. అంటే 2 చదరపు అడుగుల ఖాళీ కావాలి. గ్రిల్ రెక్కలు కొంత ఆక్రమిస్తాయి కాబట్టి రిటర్న్ గ్రిల్ రెండడుగులకు అడుగున్నర ఉండాలి. గాలి బయటకు వచ్చే వైపు మూడడుగుల పొడవు, ఏడంగుళాల ఎత్తు అవసరం. ఇంటీరియర్ బొమ్మల్లో కనిపించే నాలుగడుగుల పొడవు, రెండంగుళాల వెడల్పు సన్నటి గాటు ఈ లెక్కలో సగానికి కూడా రాదు. బొమ్మలో ఎంత ముచ్చటగా ఉన్నా, రాత్రిపూట అది ఈల వేస్తుంది.

రిటర్న్ దారి విషయంలో ఇంకో తప్పు మన దగ్గర తరచుగా జరుగుతుంది. రిటర్న్ గ్రిల్ నుంచి యూనిట్ వెనక్కి డక్ట్ వేయకుండా, సీలింగ్ పైన ఉన్న ఖాళీ అంతటినీ రిటర్న్ దారిగా వదిలేస్తారు. ఖర్చు తగ్గుతుంది, పని తొందరగా అవుతుంది. కానీ పై అంతస్తులో ఆ ఖాళీ స్లాబ్‌కు ఆనుకుని ఉంటుంది. మే నెలలో ఆ ఖాళీలోని గాలి గది గాలి కంటే ఎంతో వేడిగా ఉంటుంది. యూనిట్ ఆ వేడినే లాగి చల్లబరచాల్సి వస్తుంది. ఆ ఖాళీలోని సిమెంట్ దుమ్ము, పీఓపీ పొడి, విద్యుత్ పైపుల కోసం చెక్కినప్పుడు రాలిన ఇటుక ముక్కల పొడి ఫిల్టర్‌లోకి, అది దాటి కాయిల్‌లోకి చేరతాయి. కొటేషన్‌లో రిటర్న్ డక్ట్ అన్న మాట లేకపోతే, అది చవకైన కొటేషన్ కాదు, సగం కొటేషన్.

ఒకే యూనిట్‌తో నాలుగు గదులు?

ఒక పెద్ద యూనిట్ నడవ మీద పెట్టి, మూడు పడకగదులకూ హాలుకూ డక్ట్‌లు లాగితే సరిపోతుంది కదా అన్న ఆలోచన సహజం. అవుట్‌డోర్ ఒకటే, రాగి పైపు తక్కువ, యూనిట్ ధర కూడా కలిసొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి.

మొదటిది, గాలి దగ్గరి గ్రిల్‌లోకే ఎక్కువ పోతుంది. కాకతీయ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు అందనట్టే, డక్ట్ చివరన ఉన్న గదికి గాలి అందదు. ప్రతి కొమ్మకూ గాలిని తగ్గించి పెంచే పలక (డ్యాంపర్) పెట్టి, గాలి కొలిచి సర్దితే కొంత సరిపోతుంది. ఆఫీసు భవనాల్లో ఆ సర్దుబాటు చేసే పనివాళ్లు వేరుగా ఉంటారు. ఇళ్ల దగ్గర ఆ పని చేయించడం అరుదు.

రెండోది, థర్మోస్టాట్ ఒక్కటే. అది హాల్లో ఉంటే హాలు చల్లబడగానే యూనిట్ తగ్గిపోతుంది, పడమటి గోడ ఉన్న పడకగది ఉడుకుతూనే ఉంటుంది. రాత్రి ఒక గదిలోనే పడుకున్నా నాలుగు గదులు చల్లబడాలి. మిగతా గదుల డ్యాంపర్లు మూసేస్తే గాలంతా ఒకే సన్న డక్ట్‌లోకి తోసుకొచ్చి చప్పుడు చేస్తుంది, యూనిట్‌కు సరిపడా గాలి తిరగదు.

ఇంకా ఉంది. రిటర్న్ గ్రిల్ నడవలో ఒకటే పెడితే, పడకగది తలుపు వేసినప్పుడు ఆ గది గాలి బయటకు రావడానికి దారి తలుపు కింది సందు మాత్రమే. రెండున్నర అడుగుల తలుపు కింద అరంగుళం సందు అంటే 15 చదరపు అంగుళాలు. మన ఇళ్లలో పడకగదికీ గ్రానైట్ గడప వేసే అలవాటుంది కాబట్టి చాలాచోట్ల ఆ సందు కూడా మిగలదు. తలుపు వేసిన గదిలోకి చల్లగాలి రావడమే మానేస్తుంది.

అందువల్ల మన తరహా వాడకానికి, అంటే పగలు హాలు, రాత్రి ఒకటో రెండో గదులు వాడే ఇంటికి, గదికొక చిన్న డక్ట్ యూనిట్ పెట్టుకోవడం ఎక్కువ నప్పుతుంది. అవుట్‌డోర్‌లు పెట్టే చోటు తక్కువైతే ఒకే అవుట్‌డోర్‌కు రెండు మూడు ఇండోర్‌లు తగిలించే మల్టీ స్ప్లిట్ ఒక దారి. అందులో అవుట్‌డోర్ పాడైతే అన్ని గదులూ ఒకేసారి ఆగిపోతాయన్నది ముందే తెలిసి ఉండాలి. నాలుగైదు గదులు నిజంగానే ఒకేసారి నడిచే పెద్ద డూప్లెక్స్‌కు చిన్న వీఆర్ఎఫ్ ఆలోచించవచ్చు. రెండు పడకగదుల ఫ్లాట్‌కు అది మితిమీరిన ఖర్చు.

యూనిట్‌కు చోటు ఎక్కడ

మన ఇళ్లలో ఇందుకు తయారుగా ఉన్న చోటు ఒకటుంది. బాత్రూం మీద, దాని ముందున్న చిన్న నడవ మీద వేసే అటక. పాత సామాన్లు దాచే ఆ చోటునే హోటళ్లు చాలాకాలంగా ఏసీ కోసం వాడుతున్నాయి. హోటల్ గదిలోకి అడుగుపెట్టగానే తల మీద సీలింగ్ తక్కువగా ఉండి, మంచం వైపు గోడ పైభాగంలో పొడవాటి గ్రిల్ కనిపించేది అందుకే. యూనిట్ అటకలో, డక్ట్ రెండడుగులే, గాలి నేరుగా గదిలోకి. ప్రెషర్ చిక్కు దాదాపు ఉండదు. పడకగది సీలింగ్ ఎత్తు అంగుళం కూడా తగ్గదు. డ్రైన్ పైపు పక్కనే ఉన్న బాత్రూంలోకి దిగుతుంది. కొత్తగా కట్టే ఇంట్లో ఇంతకంటే సులువైన పద్ధతి మరొకటి లేదు.

అటక లేని చోట సీలింగ్ మొత్తం దించాలి. స్లాబ్ ఎత్తు పదడుగులు ఉంటే, యూనిట్, దాన్ని వేలాడదీసే రాడ్లు, డ్రైన్ వాలు, సీలింగ్ ఫ్రేమ్ కలిపి అడుగు నుంచి పద్నాలుగంగుళాలు పోతాయి. జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం మామూలు గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు ఉండాలి, ఏసీ గదికి 2.4 మీటర్ల దాకా తగ్గవచ్చు. కాబట్టి నిబంధనకు అడ్డం లేదు. అడ్డం వచ్చేది సీలింగ్ ఫ్యాన్. దాదాపు తొమ్మిదడుగులకు దిగిన సీలింగ్‌కు ఫ్యాన్ వేలాడదీస్తే తలకు దగ్గరవుతుంది. ఫ్యాన్ తీసేస్తే ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో ఫ్యాన్‌తో సరిపెట్టుకునే రోజుల్లో కూడా ఏసీ వేయాల్సి వస్తుంది. గది అంతా దించకుండా గోడ వెంట రెండడుగుల వెడల్పు మేర మాత్రమే దించితే ఫ్యాన్ మధ్యలో తన ఎత్తులోనే ఉంటుంది.

బీముల సంగతి అంతకంటే ముఖ్యం. డక్ట్ బీమ్‌ను దాటాలంటే దాని కింద నుంచి పోవాలి, అంటే సీలింగ్ ఇంకా దిగాలి. కొందరు పనివాళ్లు బీమ్‌కు రంధ్రం చేస్తామంటారు. పోత పోసిన బీమ్‌ను కోసే పని స్ట్రక్చరల్ ఇంజినీర్ మాట లేకుండా చేయకూడదు. సెంట్రింగ్ దశలోనే రాగి పైపుకు, డ్రైన్‌కు స్లీవ్ పైపులు పెట్టించుకుంటే ఈ గొడవే ఉండదు. మెట్ల దిక్కు గురించి, పొయ్యి దిక్కు గురించి ప్లాన్ గీసేటప్పుడు పదిసార్లు మాట్లాడే ఇళ్లలో కూడా డక్ట్ దిక్కు గురించిన మాట ఫాల్స్ సీలింగ్ వాడు వచ్చాకే మొదలవుతుంది.

పాత పెంకుటిళ్లకు, రేకుల ఇళ్లకు ఈ పద్ధతి కుదరదు. అక్కడ గోడ స్ప్లిటే దారి.

35 డిగ్రీల లెక్క, 45 డిగ్రీల ఎండ

ఏసీ మీద రాసి ఉండే సామర్థ్యం బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. దీన్ని టీ1 పరీక్ష అంటారు. వేడి ప్రాంతాల కోసం 46 డిగ్రీల దగ్గర కొలిచే టీ3 పరీక్ష వేరుగా ఉంది. ఉత్తర తెలంగాణలో మే నెల 35 దగ్గర ఆగదు. వరంగల్‌లో 42, 43 మామూలే. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు 45కు చేరిన రోజులు చాలా ఏళ్లలో నమోదయ్యాయి. డాబా మీద, పిట్టగోడ మూలన, పడమటి ఎండలో పెట్టిన అవుట్‌డోర్ యూనిట్ చుట్టూ గాలి ఇంకా వేడిగా ఉంటుంది. ఆ వేడిలో సామర్థ్యం పది ఇరవై శాతం తగ్గడం, కరెంటు లాగడం పెరగడం రెండూ జరుగుతాయి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఎన్ని టన్నులు అని కాదు, 46 డిగ్రీల దగ్గర ఎంత ఇస్తుంది అని. మంచి కంపెనీల సాంకేతిక పట్టికలో ఈ అంకె ఉంటుంది.

టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు, లేదా సుమారు 3.5 కిలోవాట్ల వేడిని బయటకు తోసే శక్తి. పన్నెండుకు పద్నాలుగు అడుగుల గది పై అంతస్తులో ఉందనుకుంటే, వేడి నిరోధకం ఏమీ లేని కాంక్రీట్ స్లాబ్ ఒక్కటే మధ్యాహ్నం దాటాక ఒక కిలోవాట్‌కు పైగా వేడిని గదిలోకి దించగలదు. అంటే టన్నులో మూడో వంతు స్లాబ్‌కే పోతుంది. పైగా కాంక్రీట్ పగలంతా పట్టిన వేడిని రాత్రి పది దాటాక కూడా వదులుతూనే ఉంటుంది. డక్ట్ ఏసీకి ఇది రెట్టింపు ఇబ్బంది, ఎందుకంటే యూనిట్, డక్ట్ రెండూ ఆ స్లాబ్ కిందే వేడిలో వేలాడుతుంటాయి. అదే గది కింది అంతస్తులో, పైన మరో ఇల్లు ఉంటే, ఒక టన్ను సరిపోవచ్చు. పై అంతస్తులో ఒకటిన్నర కావాలి.

తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్న తర్కం ఇదే. డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేసినా, తెల్ల పింగాణీ ముక్కలు పరిచినా స్లాబ్ పట్టే వేడి తగ్గుతుంది. పై అంతస్తు వాళ్లు డక్ట్ ఏసీకి డబ్బు పెట్టే ముందు ఈ పనికి పెడితే అర టన్ను తక్కువ సామర్థ్యమున్న యూనిట్‌తో సరిపోయే అవకాశం ఉంది.

మరీ పెద్ద యూనిట్ కూడా మంచిది కాదు. మే నెలలో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అప్పుడు తేడా తెలియదు. ఆగస్టులో తెలుస్తుంది. పెద్ద యూనిట్ గదిని నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసేంతసేపు నడవదు. గది చల్లగా, జిగటగా ఉంటుంది. ఇన్వర్టర్ రకం వేగం తగ్గించుకుని నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి కొంత మేలు, అయినా దానికీ కింది పరిమితి ఉంటుంది.

చలికాలం గురించి ఒక మాట. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పోతుంది. అక్కడి ఇళ్లకు వేడి కూడా ఇచ్చే మోడల్ పనికొస్తుంది. వరంగల్‌లో ఆ అదనపు ఖర్చుకు పెద్దగా ఫలితం ఉండదు.

వానాకాలమే అసలు పరీక్ష

ఎండాకాలంలో బిగించిన డక్ట్ ఏసీ జులై దాకా బాగానే కనిపిస్తుంది. తేమ మొదలయ్యాక సీలింగ్ మీద పసుపు మరకలు వస్తాయి. దీనికి రెండు కారణాలు.

ఒకటి డ్రైన్. తేమ ఎక్కువగా ఉన్న రోజు ఒకటిన్నర టన్ను యూనిట్ గంటకు లీటరుకు పైగా నీరు తీయగలదు. గోడ స్ప్లిట్‌లో ఆ నీరు గోడ అవతలికి దిగిపోతుంది. సీలింగ్ మీది యూనిట్‌లో మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలుతో పైపు అడ్డంగా ప్రయాణించాలి. ఆరు మీటర్ల దూరానికి ఆరు సెంటీమీటర్లు దిగాలి, సీలింగ్ సందులో ఆ చోటు దొరకకపోవచ్చు. అప్పుడు నీటిని పైకి ఎత్తి పంపే చిన్న పంపు ఉన్న మోడల్ కావాలి. పంపు ఆగితే యూనిట్ తనంతట తాను ఆగిపోయే ఫ్లోట్ స్విచ్ ఉందో లేదో చూడాలి. యూనిట్ కింద అదనపు ట్రే పెట్టించడం చిన్న ఖర్చు. డ్రైన్ పైపును బాత్రూం మురుగు లైన్‌కు నేరుగా కలిపితే, మధ్యలో నీరు నిలిచే వంపు లేకపోతే, వాసన ఏసీ గాలితో గదిలోకి వస్తుంది.

రెండోది డక్ట్ చెమర్చడం. లోపల పదమూడు పద్నాలుగు డిగ్రీల గాలి పోతున్నప్పుడు బయటి ఇనుప రేకు మీద తేమ నీటిబొట్లుగా మారుతుంది. దీన్ని ఆపేది డక్ట్ చుట్టూ వేసే నైట్రైల్ రబ్బరు లేదా రేకు అంటించిన ఫోమ్ పొర. అతుకుల దగ్గర, గ్రిల్ దగ్గరి మెడ దగ్గర, వేలాడదీసే పట్టీల దగ్గర ఆ పొర తెగిపోకూడదు. రాగి పైపులు రెండింటికీ, డ్రైన్ పైపుకూ కూడా పొర ఉండాలి. ఇవన్నీ సీలింగ్ మూసేశాక కనిపించవు. జిప్సం తడిసి ఊడినప్పుడు బయటపడతాయి.

దుమ్ము, ఎలుకలు, కోతులు

కంపెనీ పుస్తకాల్లో ఈ మూడింటి గురించీ పెద్దగా ఉండదు. ఉత్తర తెలంగాణలో వీటిని లెక్కలోకి తీసుకోకుండా కుదరదు.

ఏనుమాముల మార్కెట్, జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల పత్తి నూగు గాలిలో తేలుతుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి, గోదావరిఖని వైపు బొగ్గు పొడి. గోడ స్ప్లిట్ ఫిల్టర్‌ను ఇంట్లో వాళ్లే మూత తీసి కడుక్కుంటారు. డక్ట్ యూనిట్ ఫిల్టర్ సీలింగ్ పైన, యూనిట్ వెనక ఉంటే స్టూలెక్కి, పలక తీసి, చేయి పెట్టి లాగాలి. ఆ పని మొదటి నెల చేస్తారు, తర్వాత చేయరు. అందుకే ఫిల్టర్ రిటర్న్ గ్రిల్‌లోనే ఉండి, గ్రిల్ కిందికి తలుపులా తెరుచుకునేలా పెట్టించుకోవాలి. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి కడిగేంత సులువుగా ఉండాలి.

ఫాల్స్ సీలింగ్ పైభాగం ఎలుకలకు అనువైన చోటు. అవి ఫ్లెక్సిబుల్ డక్ట్‌ను, వైర్లను కొరుకుతాయి. గోడల్లో పైపుల కోసం చేసిన రంధ్రాలను సిమెంట్‌తో మూయించడం, వీలైనంత మేర రేకు డక్ట్ వాడటం దీనికి విరుగుడు.

కోతుల బెడద ఉన్న కాలనీల్లో డాబా మీది పైపుల ఇన్సులేషన్‌ను అవి పీకేస్తాయి. పొర పోయిన పైపు ఎండలో చల్లదనం కోల్పోతుంది. డాబా మీద బయటకు కనిపించే పైపులన్నిటినీ పీవీసీ కేసింగ్‌లోనో రేకు పెట్టెలోనో పోనివ్వాలి. అవుట్‌డోర్ చుట్టూ జాలీ కడితే, గాలి వచ్చే వైపు, పోయే వైపు కంపెనీ చెప్పినంత ఖాళీ వదలాలి.

కరెంటు బిల్లు ఎలా పెరుగుతుంది

ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ (టీజీఎన్పీడీసీఎల్) పరిధిలో గృహ వినియోగానికి 2022–23 నుంచి అమల్లో ఉన్న స్లాబులు చూస్తే, నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ చార్జీ 820 రూపాయలు: మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున. 200 దాటితే మొదటి 200 యూనిట్ల రేటే 5.10కి మారుతుంది. ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9, 800 దాకా 9.50.

ఆ 200 యూనిట్ల ఇంట్లోనే ఒక పడకగది ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు, సగటున కిలోవాట్ చొప్పున నడిస్తే నెలకు 240 యూనిట్లు. మొత్తం 440 యూనిట్లకు 3,070 రూపాయలు. అంటే ఆ 240 యూనిట్లకు అదనంగా పడింది 2,250. యూనిట్‌కు దాదాపు 9 రూపాయల 40 పైసలు. రెండు గదుల్లో నడిపితే మొత్తం 5,350. ఫిక్స్‌డ్ చార్జీలు, ఇతరాలు వేరు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తున్న ఇళ్లకు ఆ నెల ఆ వెసులుబాటు కూడా పోతుంది.

డక్ట్ ఏసీ ఇక్కడ కొంత వెనకబడుతుంది. గాలిని తోయడానికి ఫ్యాన్ ఎక్కువ కరెంటు తింటుంది, డక్ట్ అతుకుల్లోంచి కొంత చల్లదనం సీలింగ్‌లోకి పోతుంది. ఈ రెండూ కలిసి పది శాతమే అనుకున్నా గదికి నెలకు 24 యూనిట్లు, సుమారు 230 రూపాయలు. భరించలేని మొత్తం కాదు. అతుకులు సరిగా మూయని చోట ఇది పది శాతం దగ్గర ఆగదన్నదే ఇబ్బంది.

గోడ స్ప్లిట్ మీద కనిపించే, కరెంటు పొదుపును స్టార్లలో చెప్పే బీఈఈ స్టార్ లేబుల్ డక్ట్ మోడళ్ల మీద అంత మామూలుగా కనిపించదు. కాబట్టి స్టార్లు పోల్చుకుని కొనే అలవాటు ఇక్కడ పనిచేయదు. ఎన్ని వాట్లు తీసుకుని ఎన్ని కిలోవాట్ల చల్లదనం ఇస్తుందో రెండు అంకెలూ అడిగి భాగించుకోవడమే దారి. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవుతున్నాయి. 20కి తగ్గించి నడిపితే పై లెక్కలన్నీ తలకిందులవుతాయి.

రెండు మూడు యూనిట్లు పెట్టేవాళ్లు మీటరు మీద మంజూరైన లోడ్ పెంచుకోవాలి, అవసరమైతే త్రీ ఫేజ్‌కు మారాలి. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం ఇచ్చే 78,000 రూపాయల రాయితీ ఈ లెక్కలో కలిసొచ్చేదే. కానీ డాబా మీద ప్యానెళ్లు, అవుట్‌డోర్ యూనిట్లు, నీళ్ల ట్యాంకు, బట్టలారేసే తీగ అన్నీ ఒకే చోటు కోసం పోటీ పడతాయి.

ఎవరికి నప్పుతుంది, కొటేషన్‌లో ఏం ఉండాలి

ఇల్లు ఇంకా కడుతున్నవాళ్లకు, అటక ఉన్నవాళ్లకు, స్లాబ్ ఎత్తు పదడుగులకు తగ్గనివాళ్లకు డక్ట్ మినీ స్ప్లిట్ మంచి ఎంపిక. ఇప్పటికే కాపురమున్న ఇంట్లో, తొమ్మిదిన్నర అడుగుల స్లాబ్ కింద, బీములు అడ్డం ఉన్న గదిలో అదే పని చేయించడం డబ్బుకు తగ్గ ఫలితం ఇవ్వదు. అద్దె ఇంటికి అసలే కాదు. హాలుకు డక్ట్, పడకగదులకు గోడ స్ప్లిట్ అన్న మధ్యేమార్గాన్ని ఇంటీరియర్ వాళ్లు ఇష్టపడరు గానీ, చాలా ఇళ్లకు అదే సరిపోతుంది.

బ్రాండ్ల మధ్య తేడా లేదని కాదు. దగ్గర్లో డక్ట్ యూనిట్లు విప్పి చేసిన అనుభవమున్న సర్వీసు ఉందా, ఫ్యాన్ మోటారు, సర్క్యూట్ బోర్డు హైదరాబాద్ నుంచి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది అన్నవి బ్రాండు విషయంలో అడగాల్సినవి. గ్యాస్ ఆర్32 అయితే అది కొద్దిగా మండే రకం కాబట్టి, గది కనీస వైశాల్యం గురించి కంపెనీ మాన్యువల్ చెప్పింది పాటించాలి. ఆర్410ఏ అనే మరో గ్యాస్‌తో పోలిస్తే భూతాపం మీద ఆర్32 ప్రభావం మూడో వంతే.

కొటేషన్‌లో మాత్రం ఇవి అక్షరాలా రాయించుకోవాలి: డక్ట్ లెక్కకు సరిపోయే స్టాటిక్ ప్రెషర్, రెండు గ్రిల్‌ల కొలతలు, రిటర్న్ డక్ట్, ఇన్సులేషన్ మందం, డ్రైన్ వాలు లేదా పంపు, యూనిట్ కింద రెండడుగుల చదరపు తలుపు. ఈ తలుపు అందం చెడగొడుతుందని చిన్నది చేస్తే, మోటారు మార్చాల్సిన రోజు సీలింగ్ పగలగొట్టాలి.

సీలింగ్ మూసే ముందు మూడు పనులు జరగాలి. రాగి పైపుల్లో నైట్రోజన్ నింపి, మాన్యువల్ చెప్పిన ప్రెషర్ దగ్గర ఒక రోజు వదిలి, గేజ్ ముల్లు దిగలేదని చూడాలి. డ్రైన్ ట్రేలో బకెట్ నీళ్లు పోసి చివరి దాకా దిగుతున్నాయో చూడాలి. పైపులు, డక్ట్ పోయిన దారిని కొలత టేపు పక్కన పెట్టి ఫోన్‌తో ఫొటోలు తీసుకోవాలి. మరో ఏడాది కర్టెన్ రాడ్‌కో లైటుకో డ్రిల్ చేసేవాడికి ముందు చూపించాల్సినవి ఆ ఫొటోలే.